బోరుబావిలో చంద్రుడి జాడ: భూ ఆటుపోట్లపై మొదటి పరిశోధన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• భూ ఆటుపోట్లు అంటే ఏమిటో, అవి ఎందుకు వస్తాయో వివరించగలుగుతారు.
• గట్టి రాతిలోని బోరుబావి నీటిమట్టంపై వాటి ప్రభావం ఎలా కనిపిస్తుందో చెప్పగలుగుతారు.
• చంద్రుడి వల్ల వచ్చే మార్పును, మోటార్ల వల్ల, ఎండ వల్ల వచ్చే మార్పును వేరు చేయగలుగుతారు.
• డిగ్రీ స్థాయిలో చేయగల ఒక చిన్న పరిశీలన ప్రాజెక్టుకు ప్రణాళిక వేసుకోగలుగుతారు.

1. ప్రస్తావన

సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని మనందరికీ తెలుసు. మచిలీపట్నం, భీమునిపట్నం వంటి తీరాల్లో పెరిగిన వారు రోజుకు రెండుసార్లు నీరు ముందుకు రావడం, వెనక్కి పోవడం చూసే ఉంటారు. అదే శక్తి నేలను కూడా లేపుతుందనీ, దించుతుందనీ చాలామందికి తెలియదు. తెలంగాణ పీఠభూమి మీద, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన పొలం, ఇల్లు, గుడి, చెరువు అన్నీ కలిసి ప్రతిరోజూ రెండుసార్లు కొన్ని అంగుళాల మేర పైకి లేచి కిందికి దిగుతున్నాయి. దీన్నే భూ ఆటుపోట్లు అంటారు.

ఈ కదలిక మనకు ఎందుకు తెలియదు? మన చుట్టూ ఉన్న ప్రాంతమంతా ఒకేసారి లేస్తుంది, ఒకేసారి దిగుతుంది. పోల్చి చూడడానికి కదలని వస్తువు ఏదీ పక్కన ఉండదు. కాబట్టి ఈ విషయాన్ని పరోక్షంగా కొలవాలి. అలా కొలవడానికి మన పల్లెల్లో ఇప్పటికే ఉన్న ఒక సాధనం బోరుబావి.

భూభౌతిక శాస్త్రంలో మొదటిసారి పరిశోధన చేయబోయే విద్యార్థికి ఈ అంశం రెండు కారణాల వల్ల తగినది. మొదటిది, దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. రెండోది, మనం చూసిన మార్పుకు మనం అనుకున్నదే కారణమని ఎలా నిరూపించాలో ఇది నేర్పుతుంది. ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ రెండో విషయం గురించే.

2. భూ ఆటుపోట్లకు కారణం

చంద్రుడి ఆకర్షణ భూమి మీద అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు ఎక్కువగా, భూమి కేంద్రం దగ్గర మధ్యస్థంగా, అవతలి వైపు తక్కువగా ఉంటుంది. ఆటుపోట్లను కలిగించేది ఆకర్షణ కాదు, ఆకర్షణలో ఉన్న ఈ తేడా. ఎదుటి వైపు భూమి కేంద్రం కంటే ఎక్కువగా లాగబడుతుంది, అవతలి వైపు కేంద్రం కంటే తక్కువగా లాగబడుతుంది. అందుకే రెండు వైపులా ఉబ్బు ఏర్పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల ప్రతి ప్రదేశమూ ఈ రెండు ఉబ్బుల కిందుగా వెళుతుంది. ఒక రోజులో రెండు పోట్లు రావడానికి ఇదే కారణం.

ఈ తేడా బలం ద్రవ్యరాశికి అనులోమానుపాతంలోనూ, దూరం ఘనానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడి ద్రవ్యరాశికి సుమారు 2.7 కోట్ల రెట్లు. సూర్యుడి దూరం చంద్రుడి దూరానికి సుమారు 389 రెట్లు. 389 ఘనం దాదాపు 5.9 కోట్లు. 2.7ను 5.9తో భాగిస్తే 0.46 వస్తుంది. అంటే సూర్యుడి ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కొంచెం తక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రెండూ కలిసి పనిచేస్తాయి (1 + 0.46 = 1.46). అష్టమి ప్రాంతంలో ఒకదానికొకటి అడ్డుపడతాయి (1 – 0.46 = 0.54). కాబట్టి పక్షం రోజుల్లో ఆటుపోట్ల పరిమాణం సుమారు రెండున్నర రెట్లకు పైగా మారుతుంది.

భూమి పూర్తిగా దృఢమైన గోళమైతే నేల కదలదు. పూర్తిగా ద్రవమైతే సముద్రంతో సమానంగా కదులుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఉంది. 19వ శతాబ్దంలో లార్డ్ కెల్విన్, ఆ తరవాత జార్జ్ డార్విన్ భూమి దృఢత్వాన్ని సముద్రపు ఆటుపోట్ల నుంచే అంచనా వేశారు. డార్విన్ ఉపయోగించిన లెక్కల్లో ఇంగ్లండు, ఫ్రాన్సు ఓడరేవులతో పాటు మన దేశపు ఓడరేవుల పరిశీలనలు కూడా ఉన్నాయి. భూమి మొత్తం మీద ఉక్కు వంటి దృఢత్వం కలిగి ఉందని తేలింది. 1913 ప్రాంతంలో ఆల్బర్ట్ మైకెల్సన్ అమెరికాలోని యెర్కిస్ ఖగోళ పరిశీలనాలయం దగ్గర సుమారు 150 మీటర్ల పొడవు గల గొట్టాలను నేలలో పాతి, వాటిని సగం నీటితో నింపి, చివర్లలో నీటిమట్టం మార్పును కొలిచాడు. నేల అసలు కదలకపోతే రావలసిన మార్పులో సుమారు 69 శాతమే ఆయనకు కనిపించింది. మిగిలినది నేల తాను కూడా వంగినందువల్ల తగ్గిన భాగం.

నేడు మనకు తెలిసిన పరిమాణాలు ఇవి. నేల నిట్టనిలువు కదలిక తక్కువ అక్షాంశాల్లో రోజుకు సుమారు 30 నుంచి 40 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. గురుత్వ త్వరణంలో వచ్చే మార్పు సుమారు కోటిలో ఒకటి రెండు వంతులు. రాతిలో కలిగే వికృతి, అంటే ప్రతి ప్రమాణ పరిమాణానికి వచ్చే సాగుదల, పది కోట్లలో కొద్ది వంతులు మాత్రమే. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న సెర్న్ సంస్థ 27 కిలోమీటర్ల వృత్తాకార కణ త్వరణ యంత్రం చుట్టుకొలత ఈ కారణంగా సుమారు ఒక మిల్లీమీటరు మారుతుందని 1990లలో గమనించారు. అక్కడి భౌతిక శాస్త్రవేత్తలు చంద్రుడి స్థానాన్ని తమ లెక్కల్లో చేర్చుకోవలసి వచ్చింది.

3. బోరుబావి ఎలా కొలుస్తుంది?

పది కోట్లలో రెండు మూడు వంతుల సాగుదలను ఏ టేపుతోనూ కొలవలేం. కానీ రాతి పగుళ్లలో నీరు నిండి ఉంటే, ఆ రాయి సాగినప్పుడు పగుళ్ల పరిమాణం కొంచెం పెరుగుతుంది, నీటి పీడనం తగ్గుతుంది, బోరులో నీటిమట్టం దిగుతుంది. సుమారు ఆరు గంటల తరవాత రాయి కుంచించుకుంటుంది, నీరు పిండినట్టయి మట్టం లేస్తుంది. తడిగుడ్డను పిండినప్పుడు నీరు బయటికి రావడం, వదిలినప్పుడు లోపలికి పీల్చుకోవడం వంటిదే ఇది. ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు సముద్రంలో నీరు లేవాలని మనం ఆశిస్తాం, బావిలో మాత్రం మట్టం దిగాలని ఆశించాలి.

ఉదాహరణ: ఒక జలస్తరంలో వికృతి పది కోట్లలో 2 వంతులు అనుకుందాం. ఆ జలస్తరం విశిష్ట నిల్వ గుణకం మీటరుకు పది లక్షల్లో ఒక వంతు అయితే, నీటిమట్టంలో మార్పు = వికృతి ÷ నిల్వ గుణకం = 0.02 మీటర్లు, అంటే 2 సెంటీమీటర్లు. నిల్వ గుణకం పది రెట్లు ఎక్కువైతే మార్పు 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. దీన్ని తిరగేసి కూడా చదవవచ్చు. రాతిలో నీరు దాచుకునే శక్తి ఎంత తక్కువగా ఉంటే, చంద్రుడి జాడ అంత స్పష్టంగా కనిపిస్తుంది.

పై సూత్రం నీటి పైన మూతలాంటి గట్టి పొర ఉన్న జలస్తరానికి వర్తిస్తుంది. మూత లేని జలస్తరంలో పిండిన నీరు సులభంగా పైకి జరుగుతుంది కాబట్టి మామూలుగా ఈ ప్రభావం కనిపించదని భావిస్తారు.

బావులకూ ఆటుపోట్లకూ ఉన్న సంబంధాన్ని 1880లో క్లోన్నె అనే ఆయన బొహీమియాలో నీట మునిగిన ఒక బొగ్గు గనిలో గుర్తించాడు. 1967లో బ్రెడిహోఫ్ట్ అనే అమెరికా జలశాస్త్రవేత్త దీని సిద్ధాంతాన్ని స్పష్టంగా రూపొందించాడు. మన దేశంలో మహారాష్ట్రలోని కొయినా ప్రాంతంలో భూకంపాల అధ్యయనానికి 1990లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 21 బోరుబావులను తవ్వించింది. వాటిలో ఆటుపోట్లకు స్పందించే బావులు చాలా సూక్ష్మమైన వికృతిని కూడా పట్టగలవు కాబట్టి భూకంపాల అధ్యయనానికి పనికివస్తాయి.

4. హైదరాబాదు బావి చెప్పిన పాఠం

ఈ అంశంపై మనకు అతి దగ్గరలో జరిగిన పని అదే సంస్థ ప్రాంగణంలోని ఒక లోతైన బావి మీద జరిగింది. అది ఉప్పల్ రోడ్డులో, మూత పొర లేని గట్టి స్ఫటిక శిలా జలస్తరంలో ఉంది. జె.సి. మారెషాల్, షకీల్ అహ్మద్, మరి ఇద్దరు శాస్త్రవేత్తలు దాని ఫలితాలను 2002లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించారు.

అంతకు ముందు ఆ బావి నీటిమట్టాన్ని చాలా రోజులకొకసారి చేతితో కొలిచేవారు. అలాంటి కొలతల్లో వానకు నీరు చేరడం మాత్రమే కనిపించింది. స్వయంచాలక పరికరం పెట్టి తక్కువ వ్యవధిలో కొలిచినప్పుడు ఆ పెద్ద ధోరణి మీద ఒక చిన్న లయ బయటపడింది. నీరు క్రమంగా లేస్తూ దిగుతూ ఉంది.

ఇక్కడ ప్రశ్న మొదలైంది. చుట్టుపక్కల బోర్లు తోడడం వల్ల ఇలా జరుగుతోందా, లేక చంద్రుడి వల్లనా? నగరంలో నీటి తోడకం కూడా రోజువారీ లయతోనే సాగుతుంది. శాస్త్రవేత్తలు నీటిమట్టాన్ని రెండింటితోనూ పోల్చారు: లెక్కగట్టి తీసిన భూ ఆటుపోట్లతో ఒకసారి, చుట్టుపక్కల తోడకం లెక్కలతో మరొకసారి. వర్ణపట విశ్లేషణలో ఆటుపోట్లతో బలమైన సంబంధం కనిపించింది, తోడకంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. మూత లేని జలస్తరంలో కూడా ఈ ప్రభావం కనిపించిందంటే ఆ రాయి సచ్ఛిద్రత తక్కువని వారు తేల్చారు.

ఈ పనిలో మొదటి పరిశోధకుడు నేర్చుకోవలసింది వారి ముగింపు ఒక్కటే కాదు. ముగింపుకు ముందు ఎదుటి వాదనకు కూడా సమానంగా పరీక్ష పెట్టారు. తోడకం లెక్కలు సేకరించకుండా ఆటుపోట్లతో మాత్రమే పోల్చి ఊరుకుని ఉంటే ఆ ఫలితానికి ఇంత బలం ఉండేది కాదు.

5. సురంగల్‌లో మీరు చేస్తే

మొయినాబాద్ మండలంలోని సురంగల్ వంటి ఊరిలో ఉండి, డిగ్రీ చదువుతున్న విద్యార్థి ఒకరు ఇలాంటి పని చేయాలనుకున్నారని ఊహించుకుందాం. మొయినాబాద్ వైపు నేల కింద గ్రానైటు ఉంది. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ లావా శిలలు, వాటి మీద నల్లరేగడి కనిపిస్తాయి. కూరగాయలకు, పూలతోటలకు బోర్లే ఆధారం.

కావలసినవి ఇవి: నీళ్లు ఉండి, మోటారు దించని ఒక పాత బోరు, నీటి పీడనాన్ని కొలిచి జ్ఞాపకంలో దాచుకునే చిన్న పరికరం, అంటే డేటా లాగర్, గాలి పీడనాన్ని కొలిచే రెండో లాగర్, ఒక నోటు పుస్తకం. నోటు పుస్తకం చిన్న విషయం కాదు. చుట్టుపక్కల ఏ బోరు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, కరెంటు ఎప్పుడు పోయింది, వాన ఎప్పుడు పడింది అన్నీ అందులో రాయాలి.

బోరు యజమాని అనుమతి తీసుకోవడం పరిశోధనలో మొదటి మెట్టు. "మా బోరుకాడ గా చంద్రుని తోని పనేంది బిడ్డా? ఇట్ల చూస్తే నీళ్లు ఎక్కువైతయా?" అని ఆ పెద్దాయన అడగవచ్చు. ఎక్కువ కావు అని నిజం చెప్పాలి. కానీ ఈ పరిశీలన వల్ల ఆ రాయి ఎంత నీరు దాచుకోగలదో కొంత తెలుస్తుందనీ, అది తెలిస్తే ఇంకో బోరు వేయాలా వద్దా అనే నిర్ణయానికి ఒక ఆధారం దొరుకుతుందనీ చెప్పవచ్చు. గట్టి గ్రానైటులో నీరు దాగేది పగుళ్లలోనూ, పైనున్న శిథిలమైన రాతి పొరలోనూ మాత్రమే. మిగిలిన రాయి ఖాళీగా ఉండదు, నీరూ ఇవ్వదు. అప్పు చేసి బోరు మీద బోరు వేసే రైతుకు ఈ సంగతి పుస్తకంలోని సిద్ధాంతం కాదు, ఇంటి లెక్క.

6. చంద్రుడా? మోటారా? ఎండా?

పదిహేను నిమిషాలకొక కొలత చొప్పున 30 రోజులు తీస్తే 2,880 కొలతలు వస్తాయి. గ్రాఫు గీస్తే రోజుకు రెండు ఎత్తులు, రెండు లోతులు కనిపించవచ్చు. చాలామంది మొదటిసారి ఇక్కడే ఆగిపోయి "ఇదిగో భూ ఆటుపోట్లు" అని రాస్తారు. అది సరిపోదు. ఎందుకో చూద్దాం.

(అ) మోటార్ల లయ. రైతులు ఉదయం, సాయంత్రం బోర్లు వేస్తే, ప్రతి 24 గంటలకు అదే క్రమం తిరిగి వస్తుంది. రోజుకు రెండుసార్లు వేస్తే 12 గంటల లయ తప్పక వస్తుంది. ఒక్కసారే వేసినా, ఆ ఎగుడుదిగుడు నున్నని తరంగం కాదు కాబట్టి 24 గంటల లయతో పాటు 12 గంటల లయ కూడా గణితరీత్యా అందులో ఉంటుంది.

(ఆ) గాలి పీడనం. ఉష్ణమండలంలో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం 10, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఒక మిల్లీబారు పీడనం సుమారు ఒక సెంటీమీటరు నీటి ఎత్తుకు సమానం. కాబట్టి ఇది మనం వెతికే మార్పు అంత పెద్దదే.

(ఇ) చెట్లు పగటిపూట నీరు పీల్చడం, పరికరం ఎండకు వేడెక్కడం. ఇవి కూడా 24 గంటల లయతోనే ఉంటాయి.

ఇవన్నీ సూర్యుడి గడియారాన్ని అనుసరిస్తాయి. చంద్రుడు ఆ గడియారాన్ని అనుసరించడు. అతడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. కాబట్టి కింది ఆవర్తన కాలాలను గుర్తుంచుకోండి.

• చంద్రుడి ప్రధాన అర్ధదిన తరంగం (ఎం2): 12 గంటల 25 నిమిషాలు
• సూర్యుడి ప్రధాన అర్ధదిన తరంగం (ఎస్2): సరిగ్గా 12 గంటలు
• చంద్రుడి దినతరంగం (ఓ1): 25 గంటల 49 నిమిషాలు
• చంద్ర, సూర్యుల ఉమ్మడి దినతరంగం (కె1): 23 గంటల 56 నిమిషాలు

సురంగల్ అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. ఈ అక్షాంశంలో అర్ధదిన తరంగం బలంగా, దినతరంగం కొంత బలహీనంగా ఉంటాయి. ఎస్2, కె1 ఎంత పెద్దవిగా కనిపించినా వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. మోటార్లు, గాలి, ఎండ కూడా ఆ కాలాల దగ్గరే లయను కలిగిస్తాయి. ఎం2, ఓ1 అలా కాదు. 12 గంటల 25 నిమిషాలకొకసారి మోటారు వేసే రైతు ఎవరూ ఉండరు. సముద్రానికి దూరంగా ఉన్న ఊరి బోరులో ఈ రెండు కాలాలు కనిపిస్తే అది చంద్రుడి సంతకమే.

7. విశ్లేషణలో మూడు జాగ్రత్తలు

మొదటిది, కొలతల నిడివి. 12 గంటలకూ, 12 గంటల 25 నిమిషాలకూ తేడా చిన్నది. ఈ రెండు తరంగాలు ఒకదాని నుంచి ఒకటి పూర్తిగా ఒక చుట్టు ఎడం కావడానికి 14.77 రోజులు పడుతుంది. అంతకన్నా తక్కువ రోజుల కొలతలతో అది ఏ తరంగమో ఏ కంప్యూటరూ నమ్మకంగా చెప్పలేదు. ఓ1, కె1లను వేరు చేయడానికి 13.66 రోజులు కావాలి. అందువల్ల వారం రోజుల కొలతలు చాలవు. రెండు పక్షాలు, అంటే 30 రోజులు కనీసం తీయండి.

రెండోది, మడత పద్ధతి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ లేకపోయినా మామూలు స్ప్రెడ్‌షీట్‌తో దీన్ని చేయవచ్చు. ముందుగా వాన వల్ల, నీరు తగ్గడం వల్ల వచ్చే నెమ్మదైన ధోరణిని తీసివేయండి. మిగిలిన కొలతలను 24 గంటల 50 నిమిషాల పొడవున్న ముక్కలుగా కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చి, సగటు తీయండి. 29న్నర రోజుల్లో సూర్యుడి లయ ఈ ముక్కల్లో చుట్టూ జరిగి తనను తాను రద్దు చేసుకుంటుంది. చంద్రుడి లయ ఉంటే మిగులుతుంది. తరవాత అవే కొలతలను 24 గంటల ముక్కలుగా కోసి చూడండి. ఈసారి మోటార్లు, గాలి, ఎండ మిగులుతాయి. రెండు సగటులనూ పక్కపక్కన ఉంచితే బోరులో ఎవరి వాటా ఎంతో కనిపిస్తుంది.

మూడోది, గడియారం. లెక్కగట్టిన భూ ఆటుపోట్ల పట్టికలు ఎక్కువగా ప్రపంచ సమన్విత సమయంలో ఉంటాయి. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఎం2 తరంగం గంటకు సుమారు 29 డిగ్రీలు జరుగుతుంది. ఐదున్నర గంటల్లో 159 డిగ్రీలు, అంటే దాదాపు తలకిందులు. ఈ సవరణ మరచిపోతే చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీరు దిగవలసింది పోయి లేచినట్టు కనిపిస్తుంది. తప్పు మన గడియారంలో ఉంటే, సిద్ధాంతమే తప్పని రాసే ప్రమాదం ఉంది.

8. ఏమీ కనిపించకపోతే?

మీ బోరులో ఎం2 అసలు కనిపించకపోవచ్చు. అది వైఫల్యం కాదు. పగుళ్లు బోరుకు సరిగా కలవకపోయినా, జలస్తరం ఎక్కువ నీరు నిల్వచేసేదైనా, పై నుంచి నీరు సులభంగా జరిగిపోయినా చంద్రుడి జాడ అణిగిపోతుంది. అప్పుడు "ఈ బోరులో 30 రోజుల కొలతల్లో ఇన్ని మిల్లీమీటర్లకు మించిన ఎం2 లేదు" అని రాయండి. పరికరం కొలవగల కనిష్ఠ మార్పు ఎంతో కూడా రాయండి. గ్రానైటు వైపు ఒక బోరు, చేవెళ్ళ దాటిన తరవాత లావా శిలల్లో ఒక బోరు తీసుకుని పోల్చగలిగితే, రెండింట్లో ఒకదాంట్లో లేకపోవడం కూడా ఆ రాళ్ల గురించి సమాచారమే.

9. సారాంశం

చంద్ర, సూర్యుల ఆకర్షణలోని తేడా వల్ల ఘనభూమి కూడా లేచి దిగుతుంది. ఈ కదలిక రాతి పగుళ్లను అతి స్వల్పంగా తెరచి మూస్తుంది, నీటి నిల్వ తక్కువగా ఉన్న రాతిలోని బోరులో మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్ల దాకా మార్పు తెస్తుంది. రోజుకు రెండుసార్లు మట్టం మారడం చంద్రుడికి సాక్ష్యం కాదు, 12 గంటల 25 నిమిషాల లయ సాక్ష్యం. తగినన్ని రోజుల కొలతలు, ఎదుటి కారణాల లెక్కలు, సరైన గడియారం ఉన్నప్పుడే ఆ సాక్ష్యం నిలుస్తుంది.

మీ అభ్యాసాన్ని పరీక్షించుకోండి

1. సూర్యుడు చంద్రుడి కంటే ఎన్నో రెట్లు బరువైనా భూ ఆటుపోట్లలో అతడి వాటా తక్కువ. ఎందుకు?
2. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు బోరులో నీరు దిగడానికి కారణం వివరించండి.
3. ఒక విద్యార్థి 8 రోజుల కొలతల్లో 12 గంటల లయను కనుగొని అది భూ ఆటుపోట్లని రాశాడు. అతడి వాదనలోని రెండు లోపాలను చెప్పండి.
4. వికృతి పది కోట్లలో 3 వంతులు, నీటిమట్టంలో మార్పు 1.5 సెంటీమీటర్లు అయితే విశిష్ట నిల్వ గుణకం ఎంత? (సమాధానం: మీటరుకు పది లక్షల్లో 2 వంతులు)
5. ప్రాజెక్టు: మీ ఊరిలో వాడకంలో లేని ఒక బోరును ఎంచుకుని, దాని చుట్టూ అర కిలోమీటరు లోపు ఉన్న బోర్ల జాబితా, వాటిని వేసే వేళలు వారం రోజుల పాటు నమోదు చేయండి. పరికరం దించే ముందు ఈ పని పూర్తి కావాలి.